నార్త్ కరోలినా ఏ అండ్ టీ: పగ్గాలు ఎవరి చేతిలో?

ప్రశ్న: అమెరికాలోని గ్రీన్స్‌బరోలో, నల్లజాతి విద్యార్థుల కోసం మొదలైన ఈ ప్రభుత్వ యూనివర్సిటీకి సొంత ట్రస్టీల బోర్డు ఉంది కదా, మరి ఫీజులు, ఛాన్సలర్ (యూనివర్సిటీని నడిపే అధిపతి) ఎంపిక పైవాళ్ల చేతికి ఎందుకు వెళ్తాయండీ?

జవాబు 1: ట్రస్టీలు 13 మంది. ఎనిమిది మందిని యూఎన్‌సీ సిస్టమ్ (రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటి ఉమ్మడి వ్యవస్థ) పైబోర్డు, అంటే బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ ఎన్నుకుంటుంది, నలుగురిని రాష్ట్ర శాసనసభ నియమిస్తుంది, మిగిలిన ఒక్కరు విద్యార్థి సంఘం అధ్యక్షులు. ఫీజు పెంపు వీళ్లు ప్రతిపాదించాలి, ఆమోదం మాత్రం పైబోర్డుదే. ఛాన్సలర్ విషయంలోనూ అంతే: సిస్టమ్ అధ్యక్షుడు ఒక పేరు సూచిస్తే పైబోర్డు ఎన్నుకుంటుంది. 2024లో జేమ్స్ మార్టిన్ వచ్చింది ఆ దారినే.

జవాబు 2: అందరూ మరిచిపోయేది పైబోర్డు పెట్టిన సీట్ల పరిమితి. ఫస్టియర్‌లో బయటి రాష్ట్రాలవాళ్లు 35 శాతం దాటకూడదు. వరుసగా రెండేళ్లు దాటితే రాష్ట్ర నిధుల్లో కోత పడుతుంది. అడ్మిషన్లకు గిరాకీ ఉన్న చోట ఇది పెద్ద తలనొప్పే.

జవాబు 3: గిరాకీ మామూలుగా లేదు లెండి. 2024లో విద్యార్థులు 14,000 దాటారు, నల్లజాతి యూనివర్సిటీల్లో ఇదే మొదటిసారి. తర్వాతి గురి ఆర్1 హోదా, అంటే అమెరికాలో పరిశోధన యూనివర్సిటీలకిచ్చే పై శ్రేణి గుర్తింపు. దానికి ఏటా 5 కోట్ల డాలర్ల పరిశోధన ఖర్చు ఒక్కటే చాలదు, 70 పరిశోధన డాక్టరేట్లు కూడా ఇవ్వాలి. గ్రాంటు ఏడాదిలో తెచ్చుకోవచ్చు, పీహెచ్‌డీ బ్యాచ్ బయటికి రావాలంటే ఐదారేళ్లు.