సంగ్రస్తం: మింగింది ఎవరు, మింగుడుపడింది ఏది?

తెలుగు గణిత పుస్తకాల్లో ‘సంగ్రస్త ప్రమేయం’ (ఇంగ్లీషులో ఆన్‌టూ ఫంక్షన్) అని ఉంటుంది కదా. దాని పక్కనే ఉండే అన్వేకం (వన్-వన్ ఫంక్షన్, అంటే ఏ రెండింటికీ ఒకే జవాబు రాని ప్రమేయం) తేలిగ్గానే విడిపోయింది: అను, ఏక కలిసి యణాదేశ సంధి. సంగ్రస్తం మాత్రం అప్పట్లో బట్టీ పట్టి రాసేశాను. ఇప్పుడు మా అమ్మాయి అర్థం అడిగితే నోరు పెగల్లేదు. ఎవరైనా విడదీసి చెబుతారా?

—

‘గ్రస్’ అంటే మింగడం అండీ. పశుగ్రాసంలో ఉన్నదీ అదే ధాతువు. రాహుగ్రస్తుడైన సూర్యుడు, వ్యాధిగ్రస్తుడైన మనిషి మనకు తెలిసినవాళ్ళే. ‘సం’ అంటే ఇక్కడ పూర్తిగా. అంటే ఏమీ మిగల్చకుండా మింగేయడం.

లెక్కలో చూడండి. ఎ సమితిలో 1, 2, 3 ఉన్నాయి. బి సమితిలో ఎరుపు, నీలం. ఒక్కో అంకెకు ఒక్కో రంగు ఇవ్వాలి. ఇలా 2×2×2, మొత్తం 8 ప్రమేయాలు వస్తాయి. మూడింటికీ ఎరుపే ఇస్తే నీలం ముట్టకుండా మిగిలిపోతుంది, మూడింటికీ నీలమే ఇస్తే ఎరుపు మిగిలిపోతుంది. ఈ రెండూ తీసేస్తే మిగతా 6 బి లో ఏదీ మిగల్చవు కాబట్టి సంగ్రస్తాలే.

అయితే నాకో పేచీ ఉంది. గ్రస్తం అంటే మింగినది కాదు, మింగబడినది. వ్యాధి మనిషిని మింగితే మనిషిని గ్రస్తుడు అంటాం కానీ వ్యాధిని అనం. ఇక్కడ ప్రమేయం బి ని మింగింది. కాబట్టి సంగ్రస్తం కావలసింది బి. పుస్తకాలేమో ఆ బిరుదు తీసుకెళ్ళి ప్రమేయానికి తగిలించాయి!

—

మాస్టారూ, మరీ అంత పట్టుపట్టకండి. ‘గతుడు’ అంటే వెళ్ళినవాడే కదా, వెళ్ళబడినవాడు కాదు. గ్రస్తంలో లాగే అందులోనూ ధాతువు చివర చేరింది సంస్కృతంలోని క్త ప్రత్యయమే.

—

నిజమే, కానీ ఆ వెసులుబాటు ముఖ్యంగా గమనార్థక ధాతువులకూ అకర్మకాలకూ. మింగడం సకర్మకం, ఏదో ఒకటి ఉంటే కదా మింగడం! ‘సంగ్రస్త ప్రమేయం’ అని సమాసంగా ఉన్నంతవరకు ‘సంగ్రస్తమైన సమితికి సంబంధించిన ప్రమేయం’ అని సర్దుకోవచ్చు. ప్రమేయానికి ఎఫ్ అని పేరు పెట్టి ‘ఎఫ్ సంగ్రస్తం’ అన్నప్పుడే ఇబ్బంది.

ఇది చాదస్తం అనుకోకండి, పిల్లలు తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. వర్గం చేసే ప్రమేయం తీసుకోండి. వాస్తవ సంఖ్యల నుంచి వాస్తవ సంఖ్యలకు అంటే సంగ్రస్తం కాదు, −1 ఏ వాస్తవ సంఖ్యకూ వర్గం కాదు కాబట్టి. సహప్రదేశాన్ని, అంటే జవాబులు పడాల్సిన బి సమితిని, సున్నా, ధన సంఖ్యల వరకే కుదించండి, అదే సూత్రం సంగ్రస్తమైపోతుంది. సూత్రంలో ఒక్క అక్షరం మారలేదు, ముందు పెట్టిన విస్తరి చిన్నదైందంతే. సూత్రం మాత్రమే చూసి ‘ఇది సంగ్రస్తమా’ అని అడిగితే జవాబు ఉండదు. బి ఏదో చెప్పి తీరాలి.

ఇంకో తికమక. ‘ఎ లో ప్రతి మూలకానికీ బి లో ఒకే ఒక ప్రతిబింబం’ అన్నది ప్రమేయానికే నిర్వచనం. ‘బి లో ప్రతి మూలకానికీ ఎ లో కనీసం ఒక పూర్వబింబం’ అన్నది సంగ్రస్తం. ‘ప్రతి’ ఏ సమితి పక్కన పడిందో చూసుకుంటే చాలు. నేను దిద్దిన పేపర్లలో సగం తప్పులు ఈ ‘ప్రతి’ దగ్గరే.

—

ఇంగ్లీషువాళ్ళు ‘ఆన్‌టూ’ అని విభక్తినే విశేషణం చేసేశారు. దానికే ఇంకో పేరైన సర్జెక్షన్ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది బుర్బాకీ అనే ఉమ్మడి కలంపేరుతో రాసిన ఫ్రెంచి గణితజ్ఞులు. అందులో ‘సుర్’ అంటే మీద. వాళ్ళది మీద పరవడం, మనది మింగడం. నాకు మనదే నచ్చింది. ఆఖరి మెతుకు మిగిలినా సంగ్రస్తం కాదని మాటలోనే ఉంది.

—

అమ్మాయికి చెప్పాను, వెంటనే పట్టుకుంది. కానీ ఇంకో ప్రశ్న వేసింది: అన్వేకం, సంగ్రస్తం రెండూ అయితే ‘ద్విగుణ ప్రమేయం’ అన్నారు, ద్విగుణం అంటే రెట్టింపు కదా, ఏది రెట్టింపైంది?

—

ఏదీ కాలేదండీ. ఇక్కడ గుణం అంటే లక్షణం, ఆ రెండు లక్షణాలూ ఉన్నది ద్విగుణం. ‘ఆనందం ద్విగుణీకృతమైంది’ అని వినీ వినీ మనకు రెట్టింపే ముందు తడుతుంది.