మిరపలో పై ముడత, కింది ముడత ఒకేసారి: ఖర్చు లేకుండా ఎలా?

అందరికీ నమస్కారం. ఆరుబయట, పాత పెయింటు బకెట్లలో మిరప పెంచుతున్నాను. అడుగున చిల్లులు పెట్టి మట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపాను. మోకాలెత్తు దాకా ఏ బెంగా లేకుండా పెరిగాయి. ఇప్పుడు చివుళ్లు ముడుచుకుంటున్నాయి.

తామర పురుగైతే ఆకు అంచులు పైకి తిరిగి పడవలా అవుతాయి (పై ముడత), నల్లి (మంచం నల్లి కాదు, ఆకుల రసం పీల్చే అతి చిన్న జీవి) అయితే కిందికి ముడుచుకుని కాడ సాగుతుంది (కింది ముడత), అంతవరకు తెలుసు. నా మొక్కల్లో రెండూ ఉన్నాయి, అదీ ఒకే కొమ్మకి! తెల్ల కాగితం పట్టి కొమ్మను తడితే సన్నటి పసుపు పురుగులు పాకాయి కాబట్టి తామర పురుగు ఖాయం. నల్లి కంటికి ఆనదు, భూతద్దం లేదు.

ఇంట్లో వేపనూనె ఉంది. లీటరు నీటికి 5 మి.లీ. వేసి, కాస్త సబ్బు నీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా కొడదామనుకుంటున్నాను. నల్లికి నీటిలో కరిగే గంధకం మంచిదే కానీ నూనె కొట్టిన వెంటనే అది కొడితే ఆకులు మాడతాయి. మరి ముందు ఏది కొట్టాలి? రెండింటికీ మధ్య మీరు ఎన్నాళ్లు ఆగుతారు?

ఇంకొకటి. బాగా ముడుచుకున్న చివుళ్లు తుంచేస్తే కొత్త కొమ్మలు వస్తాయా, లేక పూత మీద ఉన్నప్పుడు ముట్టుకోకపోవడమే మేలా? ఖరీదైన పురుగుమందులు మాత్రం చెప్పకండి, దండం పెడతాను. కోసిన కాయ కోసినట్టే వంటలోకి వెళ్తుంది.