కొబ్బరి పీచు, పొట్టు దిమ్మెల ఎగుమతికి ఏ కంటైనర్ తగినది?

అయ్యా, అంబాజీపేట దగ్గర మా యూనిట్‌లో తయారయ్యే కొబ్బరి పీచు బేళ్లను, 5 కిలోల పొట్టు దిమ్మెలను తొలిసారిగా విశాఖ రేవు నుంచి దక్షిణ కొరియాలోని బుసాన్‌కు పంపబోతున్నాము. 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 33 ఘనపు మీటర్ల చోటు, 40 అడుగుల హైక్యూబ్‌లో (మామూలుకన్నా ఎత్తైన కంటైనర్) సుమారు 76 ఘనపు మీటర్ల చోటు ఉన్నా, మోయగల బరువు రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి, బరువైన దిమ్మెలను చిన్నదానిలో, చోటు ఎక్కువ పట్టే పీచును హైక్యూబ్‌లో విడివిడిగా పంపడం మేలా, లేక దిమ్మెలు అడుగున, బేళ్లు పైన పేర్చి ఒకే హైక్యూబ్‌లో సర్దడం మేలా?

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తేమ. వానాకాలంలో కోనసీమ గాలికి బాగా ఆరిన పీచు కూడా మళ్లీ చెమ్మ పీల్చుకుంటుంది. సముద్రంపై రాత్రివేళ కంటైనర్ పైకప్పు చల్లబడినప్పుడు లోపలి ఆవిరి నీటిబొట్లుగా మారి సరుకుపై రాలుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. మామూలు కంటైనర్‌లో తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు వేలాడదీస్తే సరిపోతుందా, గాలి ఆడే రంధ్రాలున్న ప్రత్యేక కంటైనర్ తీసుకోక తప్పదా? చెక్క ప్యాలెట్లు (సరుకు కింద వేసే చెక్క పీటలు) వాడితే పురుగులు లేకుండా వేడితోనో మందుపొగతోనో శుద్ధి చేసిన ముద్ర ఉన్నవే కావాలి గనుక కంటైనర్ నేలమీదనే పేర్చాలనుకుంటున్నాము. ఈ సరుకు పంపిన అనుభవజ్ఞులు, లోడింగుకు ముందు పీచులో తేమ ఎంత శాతం మించకుండా చూసుకున్నారో దయచేసి తెలియజేయగలరు.