మంచం కింద దుప్పట్లు, టార్చిలైట్లు ఎలా దాచాలి?

ప్రశ్న: మంచం కింద 20 సెంటీమీటర్ల ఖాళీ ఉంది. చలికాలపు దుప్పట్లు, టార్చిలైటు పెట్టాలి. వాక్యూమ్ సంచులు (లోపలి గాలి లాగేసి పలచగా చేసే సంచులు) మంచివేనా?

జవాబు: కాటన్, పాలిస్టర్ దుప్పట్లకి మంచివేనండి. ముందు పూర్తిగా ఆరబెట్టండి, తడి మిగిలితే లోపలే బూజు పడుతుంది. సంచి ముప్పావు వంతే నింపండి. జిప్‌లో దారప్పోగు ఇరుక్కున్నా గాలి దూరి మళ్లీ ఉబ్బుతుంది. ఈకల రజాయిలకు మాత్రం అస్సలు వద్దు! నెలల తరబడి నొక్కుకుపోతే పొంగు తగ్గుతుంది. వాటికి వదులైన గుడ్డసంచే మేలు.

జవాబు: వీటిని చక్రాల పెట్టెలో పెట్టి మంచం కిందకి తోసేట్టయితే, దాని ఎత్తు చక్రాలతో కలిపి 17 సెంటీమీటర్లు దాటనివ్వకండి. కొలత మంచం అంచు దగ్గర కాదు, మధ్య అడ్డపట్టీ కింద తీసుకోండి. చాలామంది పొరపడేది ఇక్కడే.

జవాబు: టార్చిలోంచి బ్యాటరీలు తీసేయండి. అవి కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి. ఛార్జి చేసుకునే లిథియం బ్యాటరీ లైటైతే సగం ఛార్జితో పెట్టి, 3 నెలలకోసారి చూసుకోండి.