ఆర్‌పీకి విటమిన్ ఏ 15,000 యూనిట్లు: వెయ్యాలా, వద్దా?

కావలి నాన్న: మావాడికి పదహారేళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ) అన్నారు, కంటి వెనక రెటీనా పొర మెల్లమెల్లగా పాడయ్యే జబ్బట. రేచీకటి చిన్నప్పట్నుంచీ ఉంది, మేమే పట్టించుకోలేదు. ఇప్పుడు చుట్టుచూపు కూడా తగ్గుతోంది. మొన్న కంచం పక్కనే ఉన్న గ్లాసు కోసం తడుముకుని మజ్జిగంతా ఒలకబోశాడు. రోజుకు 15,000 యూనిట్ల విటమిన్ ఏ వేస్తే చూపు పోవడం నెమ్మదిస్తుందని తెలిసినాయన చెప్పాడు. వెయ్యొచ్చా?

సూరీడు: వెయ్యండి సార్. తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నా. ఇప్పటికీ పేపరు చదువుతా.

తెల్లకర్ర: పేపరు చదివేది నడిమి చూపుతో సూరీడు గారూ. ఆర్‌పీలో మామూలుగా అది పోయేది చివర్న. ఏ మాత్రా పనిచేయకపోయినా నేనూ నలభై దాటేదాకా చదివాను.
ఆ 15,000 లెక్క 1993 నాటి బోస్టన్ ట్రయల్‌ది. 601 మంది, అంతా 18 నుంచి 49 ఏళ్ల లోపువాళ్లు. ఈఆర్‌జీలో, అంటే రెటీనా పనితీరు కొలిచే పరీక్షలో, తరుగుదల కొద్దిగా నెమ్మదించిందన్నారు. చుట్టుచూపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. విటమిన్ ఈ 400 యూనిట్లు వేసుకున్నవాళ్లకైతే ఈఆర్‌జీ ఇంకా తొందరగా తగ్గింది. 2023లో అక్కడి రోగుల రికార్డుల్నే జన్యువుల వారీగా తిరగేస్తే విటమిన్ ఏ వల్ల మేలు కనబడలేదు. బాబు వయసువాళ్లు ఆ ట్రయల్లోనే లేరు. పైగా ఏబీసీఏ4 జన్యువులో లోపమైతే ఎక్కువ విటమిన్ ఏ కీడే చేయొచ్చు. ముందు జీన్ టెస్టు చేయించండి.

సూరీడు: "కొద్దిగా నెమ్మదించింది" అని మీరే రాశారు. ఆ కొద్దే కదా మాక్కావలసింది!

బందరు లడ్డూ: క్యారెట్లు తినిపించండి, ఖర్చుండదు.

పొద్దుతిరుగుడు: మా నాన్నకి ఐదు నెలలు కళ్లలో పసరు పోయించాం. ఎనభై వేలు పోయాయి, కళ్లు ఎర్రబడి మంట మిగిలింది. మాత్ర అంతకంటే నయమేగా.

తెల్లకర్ర: పసరుకంటే నయమని మాత్ర మింగుతారా? విటమిన్ ఏ ఎక్కువైతే దెబ్బతినే లివర్ సంగతి ఎవరు చూస్తారు?

కావలి నాన్న: అమెరికాలో ఇంజెక్షనేదో వచ్చిందట కదా?

తెల్లకర్ర: లక్స్‌టర్నా, జన్యుచికిత్స మందు. 2017 డిసెంబర్లో అనుమతిచ్చారు. ఆర్‌పీఈ65 జన్యువులో లోపమున్నవాళ్లకే. రెండు కళ్లకూ కలిపి 8.5 లక్షల డాలర్లు ధర పెట్టారు. మీవాడిది ఏ జన్యువో తెలిస్తే కదా! మళ్లీ అదే అడుగుతున్నా, టెస్టు సంగతేంటి?

కావలి నాన్న: టెస్టు చేస్తే చూపొస్తుందా? మందు అడిగితే టెస్టు, టెస్టు అంటారు. అసలు మీకు పిల్లలున్నారా?

తెల్లకర్ర: ఒక కూతురు. దాని మొహం నిండుగా చూసి ఆరేళ్లయింది. మా నాన్న ఇరవై ఏళ్లు నన్నిలాగే మాత్రల చుట్టూ తిప్పాడు. కర్ర పడితే నలుగురూ చూస్తారని పట్టనివ్వలేదు. రోడ్డు మీద గోతిలో పడి కాలు విరిగాక నేనే కొనుక్కున్నా. మీరేదో దాస్తున్నారు సార్.

(రెండ్రోజుల తర్వాత)

కావలి నాన్న: దాచేదేముంది. మా ఆవిడ నా మేనమామ కూతురే. పెద్దమ్మాయిని మా అక్క కొడుక్కిద్దామని దాని చిన్నప్పుడే అనుకున్నాం. ఈ సంగతి కాగితం మీద పడితే సంబంధం ఆగిపోతుంది. ఇక అక్క మొహం ఎలా చూడను?

తెల్లకర్ర: ఆగాల్సిందే! అమ్మానాన్నలిద్దరి దగ్గరా అదే లోపముంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. అమ్మాయి చూపు బాగున్నా, లోపం మోస్తూ ఉండే అవకాశం మూడింట రెండొంతులు. మీ అక్కకీ ఉండొచ్చు. బయటి సంబంధమైతే ఆ భయం చాలా తక్కువ. ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపమైతే ఈ లెక్కంతా మారిపోతుంది. అందుకే టెస్టు.

అత్తిలి కోడలు: ఆగాల్సిందే అనడానికి మీరెవరండీ? మాది మేనరికమే, ముగ్గురు పిల్లలూ బంగారంలా ఉన్నారు. ఆ రిపోర్టు ఊళ్లో పొక్కితే ఆ పిల్లకి బయటి సంబంధం మాత్రం ఎక్కడొస్తుంది? చేయిస్తే గుట్టుగా చేయించండి, ఎవరికీ చెప్పకండి.

తెల్లకర్ర: గుట్టు సంగతి నాకు చెప్పకండమ్మా. నా రోగం మా ఆవిడకి పెళ్లయ్యాకే తెలిసింది. ఇన్నేళ్లలో ఒక్కమాట అనలేదు. అనేస్తే బాగుండేది.

కావలి నాన్న: టెస్టు ముందు ఎవరికి? వాడికా, అమ్మాయికా?

తెల్లకర్ర: బాబుకి. తర్వాత మీ ఇద్దరికీ. వెళ్లినప్పుడు ఓసీటీ, అంటే రెటీనా స్కాన్, కూడా తీయించండి. నడిమి చూపు దగ్గర నీరు చేరితే కంటి చుక్కలతో తగ్గొచ్చు. శుక్లం వస్తే ఆపరేషనుంది.

సూరీడు: ఇంతకీ 15,000 పొద్దున వెయ్యాలా, రాత్రి భోజనమయ్యాకా?