వడగాలుల హెచ్చరిక వచ్చిన రోజుల్లో నల్లమలను మూసేయాలా? (కలం పేర్లతో రాసినవారి చర్చ)

లెక్కల మాస్టారు
ఎండలు ముదురుతాయని వాతావరణ శాఖ ఎంత ముందుగా చెప్పినా, అడవి విషయంలో మన ఏర్పాట్లు మారడం లేదు. 2024 ఏప్రిల్ 1న ఆ శాఖ ఇచ్చిన అంచనా గుర్తు చేసుకోండి. మామూలుగా 4 నుంచి 8 రోజులుండే వడగాలులు ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో కొన్ని ప్రాంతాల్లో 10 నుంచి 20 రోజుల వరకు ఉండవచ్చని చెప్పింది. ఎక్కువ ప్రభావం ఉండే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ను కూడా చేర్చింది.

నా ప్రతిపాదన ఇది. నంద్యాల, ప్రకాశం, పల్నాడు, నాగర్‌కర్నూల్ జిల్లాలకు ఆరెంజ్ హెచ్చరిక వస్తే, అది తొలగేదాకా నల్లమలలోకి ఎవరినీ రానివ్వకూడదు. పర్యాటకులనూ, కాలినడక భక్తులనూ, అటవీ ఫలసాయం ఏరుకునేవారినీ ఆపాలి. మన అడవుల్లో నిప్పు దానంతటదే పుట్టడం చాలా అరుదు, దాదాపు ప్రతి మంట వెనుకా మనిషి ఉంటాడు. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో మంటలు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. అలాంటిది ఇక్కడ జరిగాక కమిటీ వేసుకుని ప్రయోజనం ఏముంది?

పెంట బడి పంతులమ్మ
మాస్టారూ, మీ ఆందోళన నాకు అర్థమైంది. కానీ మీరు ఆపమంటున్న ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టకండి. ఆదివారం కారులో వచ్చేవారికి పోయేది ఒక పూట సరదా. చెంచు కుటుంబానికి పోయేది ఏడాది ఆదాయంలో పెద్ద వాటా. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. తెల్లవారుజామున రాలిన పువ్వును పొద్దెక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే జింకలూ పశువులూ తినేస్తాయి. తేనె, తపసి జిగురు కూడా ఎండాకాలపు పనులే. పది రోజుల తర్వాత రమ్మంటే పువ్వు వారి కోసం ఆగదు.

పైగా చిన్న అటవీ ఫలసాయం సేకరించుకునే హక్కు వారికి 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చినది. ఒక వాతావరణ హెచ్చరిక పేరుతో దాన్ని పక్కన పెట్టేస్తారా? అడవిలో పొగ లేస్తే అందరికంటే ముందు చూసేది పెంటల్లోని, అంటే చెంచు గూడేల్లోని జనమే. వారిని బయటికి పంపితే మంట ఆగదు, చూసే కళ్లు లేకుండా పోతాయి.

శ్రీశైలం నడకదారి
ఉగాదికి కర్ణాటక నుంచి వేలాది మంది మల్లన్న కోసం నడిచి వస్తారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారి వారికి తరతరాలుగా తెలుసు. గేటు వేస్తే మరో దారిన వెళతారు, అది ఇంకా ప్రమాదం. దారిలో పొయ్యి వెలిగించడాన్ని మాత్రం పూర్తిగా నిషేధించాలి. అడవి మొదట్లోనే భక్తుల దగ్గరున్న అగ్గిపెట్టె, బీడీ, గ్యాస్ స్టవ్ తీసేసుకోవాలి. వండిన అన్నం పెట్టే చోట్లు పెంచాలి. నడిచి వచ్చే మేం దీనికి ఒప్పుకుంటాం, మా వారికి నచ్చజెబుతాం కూడా.

బీటు మనిషి
అటవీ శాఖలో కింది స్థాయి ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీ ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది, కానీ అసలు సమస్య ఇంకొకటి. వడగాలుల హెచ్చరికకూ అడవి మంటలకూ నెలలు కలవవు.

మైదానాల్లో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటేనో, నేరుగా 45 దాటితేనో దాన్ని వడగాలి అంటారు. అది మన దగ్గర ఎక్కువగా ఏప్రిల్ చివర, మే నెలల మాట. పెద్ద మంటలు ఎప్పుడు వచ్చాయో చూడండి. కర్ణాటకలోని బందీపూర్ అడవి తగలబడింది 2019 ఫిబ్రవరిలో. తిరుమల శేషాచలం కొండలు అంటుకుని వాయుసేన హెలికాప్టర్లతో నీళ్లు చల్లాల్సి వచ్చింది 2014 మార్చిలో. మాస్టారు చెప్పిన కురంగణి కూడా మార్చే.

కారణం సూటిగానే ఉంది. మనవి ఆకు రాల్చే అడవులు. సంక్రాంతి దాటాక టేకు, మద్ది, చిరుమాను ఆకు రాల్చడం మొదలుపెడతాయి. వర్షాకాలంలో నడుమెత్తు పెరిగిన బోదగడ్డి అప్పటికే ఎండి నిలబడి ఉంటుంది. ఎండుటాకు, గడ్డి గంటల్లోనే తేమ కోల్పోతాయి. వాటికి 45 డిగ్రీలు అక్కర్లేదు. గాలిలో తేమ తగ్గిన ఒక మధ్యాహ్నం, కాస్త గాలి, ఆర్పకుండా పారేసిన ఒక బీడీ చాలు. మంట కొండ ఎక్కేటప్పుడు పైనున్న గడ్డిని ముందే వేడెక్కించి ఆరబెడుతుంది, అందుకే పరుగు పెడుతుంది. మే వచ్చేసరికి చాలా చోట్ల కాలాల్సింది కాలిపోయే ఉంటుంది. మే నెల హెచ్చరిక చూసి గేటు మూస్తే, మార్చి మంటను ఎవరు ఆపుతారు?

ఉపగ్రహం ఉంది కదా అంటారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ పంపే సమాచారం మాకు నిజంగా మేలు చేసింది. కానీ ఆ ఉపగ్రహాలు రోజులో కొన్నిసార్లే మన మీదుగా వెళతాయి. 375 మీటర్ల చదరంలో వేడి కనబడిందని చెబుతాయి. ఆ సందేశం అందుకుని, బండి వెళ్లేంత దూరం వెళ్లి, ఆకును ఊదేసే బ్లోయర్ యంత్రం భుజాన వేసుకుని లోయలోకి దిగేసరికి మంట ఎక్కడికో వెళ్లిపోతుంది. అక్కడ పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేది మనిషే.

ఫైర్ లైన్ల సంగతి, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసి ఉంచే ఖాళీ పట్టీల సంగతి కూడా చెప్పాలి. డిసెంబరులో గడ్డి కోసి శుభ్రం చేసిన లైను మీద ఫిబ్రవరిలో మళ్లీ మోకాలెత్తు ఆకు పడుతుంది. మళ్లీ ఊడవకపోతే మొదటి ఖర్చు దండగ. ఆ రెండో విడతకు డబ్బు, మనుషులు ఉండేలా చూడటమే అన్నిటికంటే ముఖ్యం.

పంతులమ్మ గారూ, మీరు వదిలేసిన విషయం ఒకటుంది. ఇప్పచెట్టు కింద పువ్వు కనబడాలని ఆకు కాల్చడం ఉంది, అది కొన్నిసార్లు అదుపు తప్పుతుంది. దాన్ని దాచడం వల్ల చెంచులకూ మేలు జరగదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో కొన్ని చోట్ల చెట్టు కింద వల కట్టి పువ్వు పడుతున్నారు. మన్ను అంటని పువ్వుకు ధర కూడా ఎక్కువ.

ఎండు గడ్డి
నేను ఇంకో అడుగు ముందుకు వెళతాను. మంటను పూర్తిగా నిషేధించడమే సరైన పని అని ఎందుకు అనుకోవాలి? కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ గిరిజనులు వేసవి ముదరకముందే సన్నని మంట పెట్టి ఆకు కాల్చేవారు. అది ఆపేశాక లాంటానా కలుపు పొద అడవిని కమ్మేసిందనీ, ఉసిరి చెట్ల మీద బదనికలు పెరిగాయనీ వారు చెబుతున్నారు, అక్కడ పనిచేసిన పరిశోధకులూ ఆ మాటను పట్టించుకున్నారు. చెంచులతో కలిసి జనవరిలోనే కొన్ని చోట్ల అలా కాల్చి చూడవచ్చు కదా?

బీటు మనిషి
ఫైర్ లైన్ల వెంట అయితే సరే, అది శాఖ ఎప్పటినుంచో చేస్తున్నదే. అడవి లోపల మాత్రం ఒప్పుకోను. ఏటా మంట తిరిగే చోట మొలకలు బతకడం లేదు, పెద్ద చెట్లు తప్ప మధ్య వయసు చెట్టు కనబడదు. అనుమతి ఇచ్చిన మంట ఏది, పశువుల మేత కోసం దొంగతనంగా పెట్టినది ఏది అని బీటులో, అంటే తనకు అప్పగించిన అడవి ముక్కలో ఉన్న ఒక్క మనిషి ఎలా తేలుస్తాడు?

ఎండు గడ్డి
ఏటా కాల్చమని నేను అనలేదు. ముందు ఒక చిన్న ముక్కలో చేసి, కొన్నేళ్లు కొలిచి చూద్దామంటున్నాను. కొలవకుండా వద్దనడం కూడా ఒక నిర్ణయమే, దానికీ బాధ్యత ఉంటుంది.

లెక్కల మాస్టారు
బీటు మనిషి గారు చెప్పిన నెలల లెక్క చూశాక గేటు మూసే రోజులను మార్చుతున్నాను. వాతావరణ శాఖ వడగాలి హెచ్చరికను బట్టి కాదు, అటవీ సర్వే సంస్థ ఇచ్చే మంటల ముప్పు సూచన ప్రకారం, ఫిబ్రవరి నుంచే. పర్యాటకుల విషయంలో మాత్రం రాజీ లేదు. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరకు కూడా ఇదే షరతు ఉండాలి. ఆ లోయకు దారి ఇరుకు, అక్కడ మంట లేస్తే పరుగెత్తే చోటు లేదు. ముప్పు తీవ్రంగా ఉన్న రోజుల్లో ఇప్పపువ్వు ఏరడం ఆపి, ఆ కుటుంబాలకు రోజు కూలి ఇచ్చి మంటల కాపలాకు పెడితే ఎలా ఉంటుంది?

పెంట బడి పంతులమ్మ
కూలి ఆ వారంలోనే చేతికి వస్తే, కాపలాకు ఎవరు వెళ్లాలో పెంటే నిర్ణయించుకుంటే, నేను మీ వైపే. ఇప్పటికే అడవిలోని అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో చాలామంది చెంచులు ఆ పని చేస్తున్నారు. డబ్బు వర్షాలు పడ్డాక వస్తుందంటే మాత్రం పువ్వు ఏరనివ్వండి. వలల మాట ఈ వారమే పెంట పెద్దలతో మాట్లాడతాను. ఎక్కడ దొరుకుతాయో, ఎంత ఖర్చవుతుందో బీటు మనిషి గారు కనుక్కుని చెప్పాలి.