అన్నవాహిక చిరిగి ఆపరేషన్ అయింది, ఆరో రోజు జ్వరం వస్తోంది. ఎవరికైనా తెలుసా?

ప్రశ్న: మా బావగారికి 52 ఏళ్లు. పెళ్లి భోజనం చేసొచ్చిన రాత్రి ఒకటే వాంతులు, ఆఖరి వాంతితోనే ఎడమ ఛాతీలో, వీపులో పొడిచినట్టు నొప్పి. గుండెపోటేమోనని ఈసీజీలు తీస్తూ ఉండగానే తెల్లారిపోయింది. మెడ దగ్గర నొక్కితే మరమరాలు నలిగినట్టు కరకరమంటోందని ఒక నర్సమ్మ చెప్పాకే సీటీ తీశారు. నొప్పి మొదలైన 14 గంటలకు ఆపరేషన్ అయింది. ఛాతీలో రెండు గొట్టాలున్నాయి, నోటికి చుక్క నీళ్లు కూడా ఇవ్వట్లేదు, నిన్నటి నుంచి 101 జ్వరం. అక్క ఏడుస్తూనే ఉంది. బయటపడతారా?

జవాబు: నేను సర్జరీ వార్డులో పనిచేస్తానమ్మా. 24 గంటల్లోపు కుట్లు పడటం మంచి విషయం, ఆ లోపల వైద్యం అందినవాళ్లలో ఎక్కువమంది దక్కుతారు, రెండు రోజులు దాటితే మాత్రం చాలా కష్టం. ఎందుకంటే ఊపిరి పీల్చిన ప్రతిసారీ తిన్న తిండి, యాసిడ్, క్రిములు చిరుగులోంచి గుండె చుట్టూ ఉన్న ఖాళీలోకి లాక్కుపోతాయి, అక్కడ చీము పట్టి రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకుతుంది. ఆరో రోజు జ్వరం అంటే కుట్టు లీకవుతుండొచ్చు, ఊపిరితిత్తి పక్కన చీము చేరి ఉండొచ్చు, న్యుమోనియా కూడా కావొచ్చు. మళ్లీ సీటీ అవసరమా అని ఇవాళే అడగండి. గొట్టంలో వచ్చేది చిక్కబడినా, ఆకుపచ్చగా మారినా, ఉమ్మిలా నురగగా ఉన్నా వెంటనే చెప్పండి. లీకైనా అంతా అయిపోయినట్టు కాదు, స్టెంట్ (చిరుగును మూసేలా అన్నవాహిక లోపల పెట్టే గొట్టం) వేసి, చీము తీసి నయం చేసినవాళ్లున్నారు.

ఇంకో జవాబు: అక్కా, నాకు రెండేళ్ల క్రితం ఇదే. 41 రోజులు ఆసుపత్రిలో ఉన్నా, పేగులోకి వేసిన ట్యూబే అన్నం. మొదటిసారి పలచని మజ్జిగ రెండు చెంచాలు ఇచ్చినప్పుడు ఏడ్చేశా. తర్వాత అన్నవాహిక సన్నబడి ముద్ద అడ్డుపడేది, ఎండోస్కోపీతో రెండుసార్లు వెడల్పు చేశారు. ఇప్పుడు అన్నీ తింటున్నా, కాకపోతే బాగా నమిలి. వాంతులకు అన్నవాహిక ఇలా చిరగడం గురించి 1724లో బూర్హావే అనే డచ్ డాక్టర్ రాశాడట, ఆయన చూసిన అడ్మిరల్ ఒక రోజులోపే పోయాడు, శవపరీక్షలో ఛాతీ తెరిస్తే బాతుమాంసం వాసన వచ్చిందట (మీ అక్కకి చెప్పకండి బాబూ). ఆపరేషన్‌తో బతికించడం 1940లలో గానీ కుదరలేదు.

ప్రశ్న అడిగినవారు: మధ్యాహ్నం సీటీ తీశారు. ఎడమ ఊపిరితిత్తి పక్కన చీము ఉందట, ఇంకో గొట్టం వేస్తున్నారు. సోమవారం ఎక్స్‌రేలో కనిపించే మందు తాగించి కుట్టు లీకవుతోందేమో చూస్తారట.